సుగ్గి – ఉగాది: పడమటి తాలూకాల ఇంటి చరిత్ర నుండి

వసంతాన్ని గురించి మేము తెలుగు విద్యార్థికి పాఠం చెప్పే పద్ధతి ఒకటి వున్నది. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు వుండాలంటాం. వాటిలో ఋతువులు వస్తాయంటాం. మామిడి చిగురు, కోయిల, మలయమారుతం, విరహిణి అని వరుసగా నల్లబల్ల మీద రాస్తాం. విద్యార్థి దించుకుంటాడు, పరీక్షలో తిరిగి రాస్తాడు, మార్కులు వేయడం మాకు సులభమవుతుంది. కొన్నేళ్ళు నేనూ ఇట్లాగే చెప్పాను. ఒక ఫిబ్రవరిలో, ఆదోని వైపు నేను పనిచేసే కళాశాలలో, ఇదే పాఠం మధ్యలో సగం ఖాళీగా వున్న బెంచీలను చూసి, మిగతా వాళ్ళేరి అని అడిగాను. "సుగ్గికి పోయినారు సార్. ఉగాదికి గానీ రారు" అన్నది ముందు వరుసలోని అమ్మాయి.

ఆ మాట నాకు కొత్తది కాదు. ఈ ప్రాంతంలో వుండేవాడెవడూ దాన్ని వినకుండా వుండలేడు. కానీ నల్లబల్ల మీద నా చేత్తో 'వసంతము' అని రాసి వున్న సమయంలో విన్నాను గనుక, ఆ రెండు మాటలూ నాకు పక్కపక్కన కనపడినాయి. నేను రాసిన మాటకు అసలైన దేశిమాట ఆ అమ్మాయి చెప్పిందే. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం. పాత కన్నడ కవులకు వసంతం పేరు కూడా అదే. ఉత్తర కన్నడ జిల్లాలో హాలక్కి ఒక్కలిగలు హోళీ రోజులలో ఆడే ఆటను నేటికీ సుగ్గి కుణిత అంటారు. నిండిన కళ్ళం, కడుపునిండా తిండి, ఇంటికి వచ్చిన ఆడబిడ్డ, ఇదంతా ఆ మాటలో వున్నది. అదే మాట మన కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు పల్లెలలో పలికితే అర్థం వేరు. ఇంటికి తాళం వేసి, పిల్లలతో, వంటపాత్రలతో, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం సుగ్గి. పంటల సంబరానికి పెట్టిన పేరు పరాయి ఊరి కూలికి పేరయింది. ఒక మాట అర్థం ఇంతగా తిరగబడడానికి నిఘంటుకారులు కారణం చెప్పలేరు, చరిత్రకారుడు చెప్పాలి. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. అయినా ఈ మాట నా తరగతిలోకి వచ్చి కూర్చున్నది కాబట్టి ప్రయత్నిస్తాను.

ముందుగా మన వసంతాల వంశవృక్షాన్ని కొంచెం చూడవలసి వున్నది. తెలుగు సాహిత్య చరిత్రలో వసంతోత్సవం అనగానే గుర్తుకు వచ్చే రాజు కొండవీటి కుమారగిరి రెడ్డి (1386–1402). ఏటేటా వసంతోత్సవాలు చేసి కర్పూర వసంతరాయలు అని బిరుదు తెచ్చుకున్నాడు. 1957లో సి. నారాయణరెడ్డి గారు ఆ పేరుతోనే కావ్యం రాశారు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఇతనికే. అనగా రాజుగారి వసంతం ఓడల మీద వచ్చింది. సముద్రాలు దాటి వచ్చిన కర్పూరాన్ని వీథులలో చల్లడానికి పైకం ఎవరి కళ్ళాలలో నుండి వచ్చిందో కావ్యం చెప్పదు. చెప్పాలని మనం ఆశించడమూ న్యాయం కాదు. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చి, రాజుల పేర్లకు బదులు జనుల తిండి, బట్ట, ఆట, పండుగలను చరిత్రగా నిలబెట్టింది. ఆ మేలు మరువరానిది. అయితే ఆయనకు ఆధారాలు చాలావరకు కావ్యాలే. కావ్యంలోకి ఎక్కని ఇల్లు ఆయన పుస్తకంలోకీ తక్కువగానే ఎక్కింది. మట్టిమిద్దె కింద వసంతం ఎట్లా గడిచిందో మనం ఆ ఇంటినే అడగాలి.

అడుగుదాం. నల్లరేగడి నేలలో ముంగారి పంటలు అయిపోయి, హింగారి జొన్న, శనగ ఇంటికి చేరేసరికి మాఘం దాటుతుంది. పత్తి చివరి తీత కూడా అప్పుడే ముగుస్తుంది. నేల నెర్రెలిచ్చి, పొలంలో పని లేని రోజులు వస్తాయి. మగవాడికి అది విశ్రాంతి, ఆడదానికి కాదు. ఆమెకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. చింతకాయ రాలగొట్టి, పెంకు తీసి, ఎండబెట్టి, గింజ తీసి, ఈనెలు లాగి, ఏడాదికి సరిపడా చింతపండును కుండలకెత్తాలి. ఈ పని ఒక్కరు చేసేది కాదు. వీథి వీథంతా ఒకరి వాకిట కూర్చొని కొడతారు. నలుగురు ఆడవాళ్ళు తీరిగ్గా మాట్లాడుకోవడానికి దొరికే సందర్భం ఏడాదిలో ఇదొక్కటేనని ఒక అవ్వ నాతో అన్నది. కోడళ్ళ కష్టాలు, పుట్టింటి సమాచారాలు, ఎవరి అప్పు ఎంత, అన్నీ ఆ చింతగింజల చప్పుడులో దొర్లేవట. తరువాత సండిగెలు. తెల్లవారకముందే పిండి వుడికించి, ఎండ ఎక్కేలోగా మిద్దె మీద గుడ్డ పరచి పెట్టాలి. పిల్లలు కాకులను తోలుతూ పచ్చిసండిగెలను సగం తామే తినేయాలి. ఈ రెండో పనిని ఎవరూ వాళ్ళకు అప్పజెప్పకపోయినా జరిగిపోయేది.

మిద్దెను గురించి ఒక మాట చెప్పాలి. ఈ వైపు పాత ఇళ్ళు రాతిగోడలు, కొయ్యదూలాలు, పైన చవుడు మన్ను పరచిన మట్టిమిద్దెలు. వెలుగు రావడానికి నడినెత్తిన గవాచి. ఎండలు ముదిరేసరికి ఇంటిల్లిపాదీ రాత్రిళ్ళు మిద్దె ఎక్కుతారు. నీళ్ళు చల్లిన చవుడు మీద ఈతచాప వేసుకొని, పక్కమిద్దె వాళ్ళతో మాట్లాడుతూ నిద్రపోవడం ఈ ప్రాంతపు వసంతంలో ఖర్చులేని సుఖం. కులానికొక వీథి, వీథికొక బావి వుండిన ఊళ్ళలో కూడా మిద్దెల మీది మాటలు గోడలు దాటేవి. మిద్దె దిగగానే ఎవరి బావి వారిదే. ఈ రెండో విషయాన్ని మరచి మొదటిదాన్ని మాత్రమే జ్ఞాపకం చేసుకునే అలవాటు మన పల్లెటూరి జ్ఞాపకాలు రాసే పెద్దలకు వున్నది.

ఉగాదికి వారం ముందు నుండి సున్నం, ఎర్రమన్ను. గూళ్ళ లోపల సున్నం, గడపలకూ అరుగులకూ ఎర్రమన్ను పట్టెలు. పండుగ నాడు వేపపూవు, బెల్లం. కన్నడ దేశంలో బేవుబెల్ల అనేది ఇదే. కోస్తా పంచాంగాలూ రేడియోలూ ప్రచారం చేసిన షడ్రుచుల పచ్చడి ఈ పల్లెలలో చాలా ఇళ్ళకు బడిపుస్తకాల ద్వారా వచ్చిందని నా అనుమానం. మా ఇంట్లో మాత్రం అట్లాగే వచ్చింది. ఆరు రుచులలో నాలుగు లేకపోయినా పండుగ పండుగే. లేకపోతే పండుగ కానిది భక్ష్యం. ఓళిగ అన్నా అదే. కొత్త శనగలను ఇసుర్రాయిలో బద్దలు చేసి, బేడలుడికించి, నీళ్ళు వంచి, బెల్లంతో రుబ్బి పూర్ణం చేస్తారు. వంచిన నీళ్ళు పారబోయరు. చింతపండు పులుసు, కాస్త పూర్ణం, తాలింపు వేసి కట్టుచారు కాస్తారు. అది పండుగ నాటికంటే మరునాటికి రుచి. ఏడాదిలో మిగతా రోజులన్నీ జొన్నరొట్టె, కొర్రబువ్వ తినే ఇంట్లో ఆనాడు వరిబువ్వ వండుతారు; ఆ వరిబువ్వలోకి ఈ చారు. ఒక పాత తరం మనిషిని ఉగాది అంటే ఏమి అని అడిగితే, వేపపూవు సంగతి చెప్పలేదు, "తెల్లబువ్వ" అన్నాడు. మిగతా మూడువందల అరవై చిల్లర రోజులు ఆ ఇంట్లో ఏమి వండేవారో ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇక్కడి వరకు చదివిన మిత్రులు, ఇంత మంచి ఉగాదిని సుగ్గి వచ్చి చెడగొట్టిందని నేను చెప్పబోతున్నానని అనుకోవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. అప్పుడే ఆ చింతపండు అవ్వను పాత ఉగాదుల గురించి ఇంకా చెప్పమన్నాను. "ఆ ఉగాదులు మీకంత ఇష్టమైతే మీరే చేసుకోండప్పా. ఉగాదికి మా ఇంటాయన జీతం మారేది" అన్నది.

ఉగాదిని తెలుగుదేశపు పల్లెలలో చాలాచోట్ల జీతగాళ్ళ ఏడు మారే రోజుగా లెక్కించేవారు. సేద్యగాని జీతం ఉగాది నుండి ఉగాదికి. ఇన్ని జొన్నలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు, కాసింత పైకం. ఆ పైకం ముందే అప్పుగా తీసుకొని వుంటాడు గనుక మళ్ళీ ఉగాదికి తీరదు. తీరకపోతే అదే రెడ్డి దగ్గర ఇంకో ఏడు. లేదా ఇంకో రెడ్డి ఆ అప్పు కట్టి మనిషిని తీసుకుంటాడు. భూమి గుత్తలు మాట్లాడుకునేదీ ఆ రోజులలోనే. అంటే పంచాంగ శ్రవణం గుడి దగ్గర జరుగుతుంటే, అసలు ఆదాయవ్యయాలు రెడ్డిగారి అరుగు మీద తేలిపోయేవి. బ్రాహ్మణుడు రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని రాశివారీగా చదివేవాడు. జీతగానికి తన రాశి ఏదో తెలియవలసిన పని లేదు. పాత జీతం తెగి కొత్త జీతం కుదిరే లోపల వాడికి దొరికే సందు ఒక పూట. ఆ పూట పేరు పండుగ. వాడి భార్య ఆ ఉదయం సున్నం కొట్టింది మొదట రెడ్డిగారింటికి. తన గుడిసెకు మిగిలిన సున్నం. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో శాసనంగా వెట్టిచాకిరీ రద్దయింది. రద్దయిన మర్నాడే పోలేదు గానీ, ఆ పద్ధతి వెన్ను విరగడానికి చట్టంతో పాటు మరొకటి తోడయింది. జీతగాడికి ఊరి బయట పని దొరికింది. సుగ్గి ఆ పని పేరు.

కాబట్టి సుగ్గిని శాపమని ఒక్క మాటతో తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు. గుంటూరు పోయే లారీ ఎక్కిన కుర్రవాడు ఏ రెడ్డికీ జీతగాడు కాడు. వాడి తాత ఉగాది నాడు నిలబడిన చోట వాడు నిలబడడు. ఇది చిన్న విషయం కాదు. మరి ఆ స్వేచ్ఛ సొంత ఊళ్ళో ఎందుకు దొరకలేదు, లారీలో ఎందుకు దొరికింది?

ఈ నేల పంటకు తక్కువది కాదు. నల్లరేగడి పత్తికి పేరుపడ్డది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైరు మిల్లులకు పత్తి కరువైనప్పుడు ఇండియా పత్తి ధర పెరిగింది. బళ్ళారి జిల్లా రేగడి భూములు ఆ వేడిని చూశాయి. ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. 1800లో నిజాము ఇంగ్లీషు కుంపిణీకి దత్తం చేసిన జిల్లాలలో భాగమై, మన్రో దొర రైతువారీ కింద శిస్తు కట్టిన ప్రాంతం. శిస్తు కిస్తీలు పంట చేతికి వచ్చే నెలలలో పడేవి. గింజ ఇంట్లో నిలిచి ధర పలికేదాకా ఆగే వీలు లేదు. ఉగాదికి గాదెలో ఎంత మిగలాలో తహశీలుదారు నిర్ణయించేవాడు. 1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి ఆదోని మీదుగా పోతుంది. పత్తికి దారి దొరికింది, జిన్నింగు మిల్లులు లేచాయి, ఆదోనికి రెండో బొంబాయి అనే పేరు తరువాతి కాలంలో ఈ వ్యాపారం వల్లనే వచ్చింది. పత్తి పోయే దారిలో జొన్న కూడా పోగలదని అయిదేళ్ళకే తెలిసింది.

1876 ఉగాదితో ధాత నామ సంవత్సరం మొదలయింది. ఆ యేడు వానలు పట్టలేదు. ధాత కరువు అని ముసలివాళ్ళు కథలుగా చెప్పేది ఈ కరువునే. మద్రాసు రాజధానిలో అత్యంత దారుణంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. 1877 మొదట్లో వైస్రాయి లిట్టన్ తరపున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో వున్నవారి కూలిని కోసి మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన స్వల్పమైన పైకం చాలునన్నాడు. కూలి సంగతి చాలామందికి తెలుసు. దానితో పాటు వచ్చిన మరో నిబంధనను మనం తగినంతగా పట్టించుకోలేదు. ఒంట్లో సత్తువ వున్నవాడికి సొంత ఊరికి పది మైళ్ళ లోపల కరువుపని ఇవ్వరాదన్నారు. ఇంటి దగ్గర పని ఇస్తే అవసరం లేనివాడు కూడా వస్తాడని భయం. ఇల్లు విడిచి శిబిరంలో పడుకోవడానికి సిద్ధపడినవాడే నిజంగా ఆకలిగొన్నవాడని పరీక్ష. ఆ వసంతంలో, ఈశ్వర నామ సంవత్సరపు ఉగాది నాటికి, ఈ తాలూకాలలో తాళం పడిన ఇళ్ళ వెనుక ఈ దొరల తర్కం వున్నది. పేదవాడు తిండి కావాలంటే ఇల్లు వదలాలి అనే సూత్రాన్ని ఒక ప్రభుత్వం లిఖితపూర్వకంగా అమలు జరిపింది. నేటి సుగ్గికి అది నేరుగా పూర్వరూపమని నేననను; నడుమ నూరేళ్ళు, రెండు రాజ్యాలు వున్నాయి. కానీ నేను సుగ్గి ఇళ్ళ తాళాలను చూసినప్పుడు ఆ పది మైళ్ళు జ్ఞాపకం రాక మానవు.

తరువాతి కథ నీళ్ళది. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై 1953లో నీళ్ళు వదిలారు. అదే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరాయి. బళ్ళారి మైసూరుకు పోయింది. భాషను బట్టి గీత గీశారు, మంచిదే. మన సంఘం కూడా కోరినది అదే. అయితే కాలువ పై భాగం గీతకు అవతల, చివరి భాగం ఇవతల పడింది. దిగువ కాలువ కింద కర్నూలు జిల్లాకు లక్షన్నర ఎకరాల చిల్లర ఆయకట్టు లెక్కలో వున్నది. చివరి తూములకు నీరు అందక రైతులు కాలువ గట్టు మీద కూర్చోవడం ఈ ప్రాంతంలో పాత వార్త. జలాశయం తొలినాళ్ళలో సుమారు 133 టి.ఎం.సీ.లు పట్టేది, పూడిక పేరుకొని 105 చిల్లరకు దిగింది. 2024 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయినప్పుడు మా ఆదోనిలో జనం గంటగంటకూ వార్తలు విన్నారు. మరోవైపు 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కృష్ణకు కుడివైపున మిరప విస్తరించింది. మిరపకాయ యంత్రం కోసేది కాదు. చేతులు కావాలి, అవీ జనవరి నుండి ఏప్రిల్ లోపల కావాలి. ఇక్కడ వానమీద బతికే చేతులకు పని లేని నెలలూ అవే. ఒకచోట కాలువ నిండడం, ఇంకోచోట నిండకపోవడం, ఈ రెండూ కలిసి సుగ్గి కొత్త అర్థాన్ని తయారుచేశాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కొందరిని నిలబెట్టింది, లారీలను ఆపలేకపోయింది. వెంట తీసుకుపోయే పిల్లల చదువు చెడకుండా కర్నూలు జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు పెట్టవలసి వచ్చింది. తల్లిదండ్రులు సుగ్గిలో, పిల్లలు హాస్టల్లో, ఇంటికి తాళం. ముసలివాళ్ళు మాత్రం తాళం పక్కన అరుగు మీద.

ఎమ్మిగనూరులో సంగతి కొంచెం వేరు. అక్కడి నేతగాడు ఇల్లు వదలడు; మగ్గం గుంట ఇంట్లోనే వుంటుంది గనుక ఇల్లే కార్ఖానా. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించారు; 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మాస్టరు వీవరు చేతిలో నుండి నూలునూ, అమ్మకాన్నీ తప్పించి సంఘం చేతికి తెచ్చిన ప్రయత్నం అది. ఆ రోజులలో దేశంలో పేరు పొందిన చేనేత సంఘాలలో ఇది ఒకటి. పండుగ అంటే కొత్త బట్ట. ఊరందరి ఉగాది నేతగాని మగ్గం మీద పండుగకు నెల ముందే జరుగుతుంది. పడుగు సరిచేసే ఆడవాళ్ళకు, కండెలు చుట్టే పిల్లలకు ఆ నెలలో నిద్ర వుండదు. వాళ్ళింట్లో సున్నం పండుగ ముందురోజు రాత్రి కొడతారు. 1985 చట్టం 22 రకాలను చేనేతకు ప్రత్యేకించింది. తరువాత అవి 11 అయ్యాయి. పవర్‌లూము గుడ్డ మీద చేనేత ముద్ర వేసుకొని అంగట్లోకి వస్తూనే వున్నది. మగ్గాలు తగ్గుతున్న కొద్దీ ఆ ఇళ్ళలో పండుగ ముందు నెల తీరికగా గడుస్తున్నది. ఆ తీరికను ఎవరూ కోరలేదు.

ఇంటి పండుగ నుండి ఊరి పండుగకు వస్తే, ఆదోని మండలంలోని సంతెకూడ్లూరు హోళీని చెప్పుకోక తప్పదు. అక్కడ మగవాళ్ళు చీరలు కట్టి, నగలు పెట్టుకొని, పూలు ముడిచి, పిండివంటలతో రతీ మన్మథుల పూజకు పోతారు. రెండు రోజుల వేడుక. పెళ్ళి కావాలని, పంట పండాలని, ఉద్యోగం రావాలని మొక్కుకున్నవాళ్ళు మొక్కు తీర్చుకుంటారు, చదువుకున్నవాళ్ళూ వుంటారు. పత్రికలు, టీవీలు దీన్ని ఏటా వింతగా చూపుతాయి. డి.డి. కోశాంబి 1965లో వచ్చిన ప్రాచీన భారత నాగరికతా గ్రంథంలో హోళీలో ఆడవేషం వేసిన మగవాణ్ణి గురించి, బెంగుళూరు కరగ ఉత్సవంలో ఆడవేషం ధరించే పూజారిని గురించి ఆలోచించాడు. ఇటువంటి వసంతపు తంతులు ఒకప్పుడు స్త్రీల చేతులలో వుండేవనీ, మగవాడు వాటిని స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ దుస్తులను కూడా తొడుక్కోవలసి వచ్చిందనీ ఆయన వాదన. మా విద్యార్థులకు ఇది చెబితే కళ్ళు మెరుస్తాయి. సిద్ధాంతం ఆకర్షకమైనదే. అయితే సంతెకూడ్లూరుకు దాన్ని నేరుగా అతికించడానికి నేను జంకుతాను. ఆధారం లేని చోట ప్రాచీనతను ఆపాదించడం అభ్యుదయ విమర్శకులకు కూడా రాకూడని జబ్బు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే ప్రశ్న చిన్నది. ఆ చీర ఎవరిది? భార్యది గానీ తల్లిది గానీ. ఏడాదంతా ఇంటి బాగు కోసం వ్రతాలు, ఉపవాసాలు ఆడదే చేస్తుంది. ఇంటి కోసం మొక్కడమనే ఆడపనిని ఒక్క రోజు మగవాడు చేయవలసి వస్తే, ఆ పని తాలూకు బట్టలో గానీ చేయలేకపోతున్నాడు. పంట, పెళ్ళి, ఉద్యోగం, ఈ మూడు కోరికలను చూడండి. ఈ ప్రాంతపు మగవాడు తన బలంతో సాధించలేకపోతున్నవి సరిగ్గా ఈ మూడే.

ఉగాది మర్నాడు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికమ్మకూ ప్రేమకలహమట. ఊరు రెండు పక్షాలై పిడకలు విసురుకుంటుంది, దెబ్బలు తగులుతాయి, చివరకు దేవతలకు పెళ్ళి. పొరుగున వున్న కారుమంచి నుండి రెడ్డి వంశస్థులు గుర్రమెక్కి వచ్చి పూజ చేశాక గానీ ఆట మొదలు కాదని పత్రికలు రాస్తాయి. తగవు దేవుళ్ళదైనా ప్రారంభోత్సవం రెడ్డిదే! ఆ పిడకలు ఊరికే పుట్టినవి కావు. పేడ ఎత్తి, తట్టి, ఎండబెట్టి, పేర్చిన ఆడవాళ్ళ చేతులు వాటి వెనుక వున్నాయి. పిడక పొయ్యి కింద ఇంధనంగా వున్న కాలంలో వాటిని గుట్టగా పోసి విసరడం దుబారాగానే వుండాలి. ఆ దుబారాలోనే పండుగ సంతోషమూ వుండాలి. లేనివాడు కూడా పారేయగల సొత్తు అదొక్కటే. గ్యాసు పొయ్యిలు వచ్చి, ఎద్దులకు బదులు ట్రాక్టర్లు వచ్చిన తరువాత పిడకకు ఇంట్లో పని తగ్గింది.

ఫాల్గుణం చివరి రోజులలో ఎమ్మిగనూరు రోడ్డు మీద నిలబడితే రెండు ప్రవాహాలు కనపడతాయి. పడమటి నుండి తూర్పుకు కన్నడ భక్తులు కాలినడకన శ్రీశైలానికి పోతుంటారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా ఎంచి, ఉగాదికి చీర సారె పెట్టడానికి నల్లమల అడవి దాటి నడిచే జనం. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు పందిళ్ళు వేసి మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు. తూర్పు నుండి పడమటికి సుగ్గి మనుషులు వస్తుంటారు. మూటలు, గిన్నెలు, చంకన పిల్లలు, జీపుల టాపుల మీద కూడా మనుషులు. వీరికి మజ్జిగ పందిరి వుండదు. ఇది భక్తుల తప్పు కాదు, మజ్జిగ పోసేవాళ్ళ తప్పూ కాదు. వాళ్ళలో సుగ్గికి పోయి వచ్చిన ఇళ్ళవాళ్ళు కూడా వుంటారు. ఇటీవల రంజాను కూడా ఈ రోజులలోనే పడుతున్నది. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న రంజాను పండుగ. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాను. ఆదోని బజారులో ఒకే సాయంత్రం మామిడాకులకూ, సేమ్యాలకూ బేరాలు జరిగాయి. సుగ్గి బస్సులో నుండి దిగినవాళ్ళలో రెండు పండుగలవాళ్ళూ వున్నారు.

తాళం తీసిన ఇంట్లో మొదటి పని దుమ్ము. నాలుగు నెలల కసువు వూడ్చి, కూలిన చోట గోడకు మన్ను మెత్తి, అందిన మేరకు సున్నం. చింతపండు కొట్టే రోజులు దాటిపోయి వుంటాయి గనుక అంగట్లో కొంటారు. సండిగెలు కూడా అంతే. కూలి డబ్బులో మొదటి భాగం అంగడి బాకీకి, రెండోది అప్పుకు పోతుంది. తరువాత శనగబేడలు, బెల్లం, పిల్లలకు బట్టలు. వరిబువ్వ ఇప్పుడు రోజూ తినేదే, రేషను బియ్యం వచ్చినప్పటి నుండి. జొన్నరొట్టె తినాలంటేనే కొనవలసి వస్తున్నది. భక్ష్యం మాత్రం మారలేదు. కట్టుచారు మారలేదు.

ఆ యేడు ఉగాది దాటిన మూడో రోజున నా తరగతిలో బెంచీలు నిండాయి. మిరపకాయలు కోసి వచ్చిన పిల్లవాడొకడు కళ్ళు నలుపుకోబోయి చెయ్యి ఆపుకున్నాడు. వేళ్ళ సందుల్లో మంట ఇంకా పోలేదట. తప్పిపోయిన పాఠాలేవో చెప్పమని అడిగాడు. వసంతవర్ణన అన్నాను. నోట్సు వాడి పక్కనున్న అమ్మాయి ఇచ్చింది. సాయంత్రం వాళ్ళ ఊరి మీదుగా పోతూ చూశాను. వాళ్ళమ్మ సుగ్గి నుండి తెచ్చిన కాయల మూట విప్పి, మిద్దె మీద, సండిగెలు పెట్టే గుడ్డ పరచి ఎండబోస్తున్నది. పక్కమిద్దె మీద ఒక ముసలామె కూర్చొని, గుంటూరులో ఈసారి కిలోకెంత ఇచ్చారని అడుగుతున్నది.